ఫారమ్ పచ్చగానే ఉంది, మెయిల్ మాత్రం రాలేదు: ప్లగిన్ అప్‌డేట్ తర్వాత యాడ వెతకాల

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. నాకు అర్థమైంది ముందు చెప్తా, తేడా ఉంటే సరిచెయ్. ఎర్రగుంట్ల పక్కన మీది కడప బండల వ్యాపారం, వర్డ్‌ప్రెస్ సైటు, అందులో కాంటాక్ట్ ఫారమ్ 7 అనే ప్లగిన్‌తో (ప్లగిన్ అంటే సైటుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఒక ఎంక్వైరీ ఫారమ్, మెయిల్ పోయేదానికి ఒక ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్, అంటే మెయిల్ సర్వర్‌కి లాగినై దాని గుండా పంపేది. ఆదివారం రాత్రి ఆ ప్లగిన్ దానంతటదే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచి ఎంక్వైరీలు లేవు, నువ్వేమో వానాకాలం కదా కట్టుబడి పనులు తగ్గినాయిలే అనుకుని ఊరుకున్నావ్, పదిరోజులకి బెంగళూరు బిల్డర్ ఒకాయన ఫోన్ చేసి "రెండుసార్లు రాస్తే జవాబు లేదు, పైగా మెయిల్ డెలివరీ ఫెయిల్డ్ అని నాకే ఏందో తిరిగొచ్చింది" అన్నాక తెలిసింది. ప్లగిన్‌లో టెస్ట్ మెయిల్ కొడితే సక్సెస్, ఫారమ్ నింపి చూస్తే పచ్చగీత, లాగ్‌లో 250 ఓకే. స్పామ్‌లో ఒకటి రెండు దొరికినాయి, మిగతావి అంతులేవు. హోస్టింగోళ్ళు మా వైపు అంతా బాగుంది అన్నారు. నువ్వు ప్లగిన్ పీకేసి మళ్ళీ వేసి, అది చాలదని ఇంకో ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ కూడా ఎక్కించినావ్.

ముందు ఆ రెండోది తీసెయ్. వర్డ్‌ప్రెస్‌లో మెయిల్ పంపే ఫంక్షన్ డబ్ల్యూపీ-మెయిల్ అని ఒక్కటే ఉంటాది, కొన్ని ప్లగిన్లు దాన్నే మొత్తంగా మార్చేసి తమది పెడతాయి, కొన్ని చివర్లో దూరి సెట్టింగులు మారుస్తాయి. రెండు కలిస్తే ఎవరి మాట చెల్లుబాటైందో నీకూ తెలీదు నాకూ తెలీదు, చూసే లాగ్ కూడా నమ్మలేం. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు వద్దు.

ఇంక అసలు విషయం. నువ్వు ఇంత వివరంగా రాసి, ఆయువుపట్టు లాంటి ముక్కని మాత్రం పోన్లే అన్నట్టు మధ్యలో పడేసినావ్. ఆ బిల్డర్‌కి ఫెయిల్డ్ అని మెయిల్ తిరిగొచ్చింది అన్నావే, అది ఒక్కసారి ఆలోచించు. ఆయన మెయిల్ పంపలేదు కదప్పా, నీ సైట్లో ఫారమ్ నింపినాడు అంతే. మెయిల్ పంపింది నీ సర్వర్, పోవాల్సింది నీ జీమెయిల్‌కి. మరి అది చేరకపోతే వాపసు ఉత్తరం ఆయన ఇంటికెందుకు పోయింది? ఎందుకంటే కవర్ మీద పంపినవారు అన్నచోట ఆయన పేరు రాసింది కాబట్టి.

మెయిల్‌కి పంపినవారి అడ్రసులు రెండు ఉంటాయి. ఒకటి లోపల కాగితం మీద మనకు కనపడే ఫ్రమ్, ఇంకోటి బయట కవర్ మీది అడ్రసు, చేరకపోతే తిరిగొచ్చేది దానికే. వర్డ్‌ప్రెస్ లోపల ఉత్తరం తయారుచేసేది పీహెచ్‌పీమెయిలర్ అనే లైబ్రరీ, దానికి కవర్ అడ్రసు విడిగా ఎవరూ చెప్పకపోతే లోపలి ఫ్రమ్‌నే బయట కూడా రాసేస్తాది. అంటే నీ ఫారమ్ లోపల ఫ్రమ్ గడిలో కస్టమర్ అడ్రసు ఉంది. కాంటాక్ట్ ఫారమ్ తెరిచి మెయిల్ అనే ట్యాబ్‌లోకి పో, ఫ్రమ్ అన్నచోట యువర్-ఈమెయిల్ అనే ట్యాగ్ ఉంటాది చూడు, నా అంచనా అదే. సైటు చేసినాయన చూడ్డానికి బాగుంటాదని, రిప్లై కొడితే నేరుగా కస్టమర్‌కే పోతాదని అట్ల పెట్టుంటాడు. ఇట్లాంటివి నేను చానా చూసినా, కాంటాక్ట్ ఫారమ్ 7 కూడా ఈ అడ్రసు మీ సైటు డొమైన్‌ది కాదు అని అక్కడే హెచ్చరిక చూపిస్తాది, ఎవరూ చదవరు.

మరి ఇన్నేళ్ళు ఎట్ల పని చేసింది అంటావా, అక్కడే ఉంది కిటుకు. ఈ ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్లలో ఫోర్స్ ఫ్రమ్ ఈమెయిల్ అని ఒక టిక్కు ఉంటాది. అది పెట్టుకుంటే ఫారమ్‌లో ఎవరి అడ్రసు ఉన్నా పక్కకు నెట్టి, నీ ఇన్ఫో అడ్రసునే ఫ్రమ్‌గా వేస్తాది. ఫారమ్‌లో తప్పు మొదట్నుంచి ఉంది, ఈ టిక్కు దాని మీద దుప్పటి కప్పింది. అప్‌డేట్‌లో సెట్టింగులు కొత్త పద్ధతిలోకి మారేటప్పుడు ఆ టిక్కు ఎగిరిపోయుంటాది, అంతే, దుప్పటి లాగినట్టయింది. నువ్వు ప్లగిన్ తీసి మళ్ళీ వేసినప్పుడు కూడా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పోర్టు గుర్తుపెట్టుకుని నింపుంటావ్, ఈ టిక్కు గురించి ఎవరికి గుర్తుంటాది?

ఇప్పుడు నీ మిగతా లక్షణాలు దీనికి ఎట్ల సరిపోతాయో చూడు.

టెస్ట్ మెయిల్ పాసైంది, ఎందుకంటే టెస్ట్ మెయిల్‌కి ఫారమ్‌తో సంబంధం లేదు, అది ప్లగిన్‌లో రాసిన నీ సొంత అడ్రసుతో పోతాది. కాబట్టి ఆ బటన్ నొక్కి సక్సెస్ అనిందని సంబరపడితే లాభంలేదు, పరీక్ష ఎప్పుడూ అసలు ఫారమ్‌తోనే చెయ్యాల, అది కూడా నీది కాని అడ్రసు పెట్టి, లాగిన్ కాకుండా.

పచ్చగీత, 250 ఓకే. ఇవి రెండూ చెప్పేది ఒకటే, నీ సర్వర్ మూట తీసుకుంది అని. కడప బస్టాండులో ఆర్టీసీ పార్సిల్ కౌంటర్లో మూట ఇస్తే రసీదు చేతికిస్తారు చూడు, ఆ రసీదు ఇది. మూట ప్రొద్దుటూర్లో దిగిందా లేదా ఆ రసీదుకి తెలీదు. హోస్టింగోళ్ళు మా వైపు బాగుంది అన్నది కూడా ఆ అర్థంలోనే, అబద్ధం కాదు.

స్పామ్‌లో కొన్ని, అంతులేకుండా కొన్ని ఎందుకంటే, నీ జీమెయిల్ ఆ ఉత్తరం తీసుకునే ముందు ఫ్రమ్‌లో ఉన్న డొమైన్ యజమానిని అడుగుతాది, ఇదిగో ఈ సర్వర్ నీదేనా, కాకపోతే ఏం చెయ్యమంటావ్ అని. ఈ పద్ధతి పేరే డీమార్క్. బిల్డర్ కంపెనీ డొమైన్‌లో నావి కాకపోతే తిప్పికొట్టు అని రాసి పెట్టుంటారు, అందుకే తిప్పికొట్టింది, వాపసు ఆయనకి పోయింది. యాహూ అయితే 2014 ఏప్రిల్ నుంచే తిప్పికొట్టమని చెప్తావుంది, అప్పుడు ఇట్లాంటి ఫారమ్‌లు ప్రపంచమంతా మూగబోయినాయి. జీమెయిల్ అడ్రసుల పేరుతో వేరే సర్వర్ నుంచి వచ్చేవాటిని పక్కన పెడతామని గూగుల్ 2024 ఫిబ్రవరి నిబంధనల్లో చెప్పింది, నీ స్పామ్‌లో దొరికిన ఆ రెండూ జీమెయిల్ కస్టమర్లవే అయ్యుంటాయి, ఒకసారి చూసుకో. అవే అయితే నా అంచనా ఇంకొంచెం గట్టిపడినట్టే.

చెయ్యాల్సింది ఇంతే. ఫారమ్ మెయిల్ ట్యాబ్‌లో ఫ్రమ్ గడిలో నీ డొమైన్ అడ్రసు పెట్టు, ప్లగిన్‌లో ఏ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ ఇచ్చినావో అదే అడ్రసు అయితే ఇంకా మంచిది. కస్టమర్ అడ్రస్‌ని కింద అడిషనల్ హెడర్స్ గడిలో రిప్లై-టు అని పెట్టు. రిప్లై కొడితే కస్టమర్‌కే పోతాది, పాత సుఖం ఏం తగ్గదు. ఆ తర్వాత ఫోర్స్ టిక్కు కూడా పెట్టు, సైట్లో ఇంకే ప్లగిన్ ఏం రాస్తుందో మనకు తెలీదు కదా. అయ్యాక ఫారమ్ నింపి, జీమెయిల్లో ఆ మెయిల్ తెరిచి మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ కొట్టు. పైన ఎస్‌పీఎఫ్ (ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (ఉత్తరం మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం), డీమార్క్ అని మూడు లైన్లుంటాయి, పక్కన పాస్ అని ఉండాల. ఇది చూడకుండా ఇన్‌బాక్స్‌లో పడింది చాల్లే అని లేచిపోవద్దు.

పోయిన ఎంక్వైరీల గురించి. నువ్వు దీని గురించి అడగలేదు గానీ నీకు డబ్బు తెచ్చేది ఇదే. కవర్ మీద కస్టమర్ అడ్రసు పడిందని చెప్పినా కదా, ఆ పొరపాటే ఇప్పుడు నీకు పనికొస్తాది. సీప్యానెల్‌లో, అంటే హోస్టింగోళ్ళు ఇచ్చే కంట్రోల్ పేజీలో, ట్రాక్ డెలివరీ అని ఒకటి ఉంటాది, అందులో ఆదివారం నుంచి నీ జీమెయిల్‌కి పోయినవాటి వరసంతా తీయి, పంపినవారి కాలమ్‌లో కస్టమర్ల అడ్రసులు ఒక్కొక్కటి టైముతో సహా ఉండాల. ఎన్ని బండలు కావాలన్నారో, పాలిష్‌వా మామూలువా అన్నది అందులో ఉండదు, మనిషి మాత్రం దొరుకుతాడు, అయ్యా మా సైట్లో ఇబ్బంది వచ్చింది మీకేం కావాల్నో మళ్ళీ చెప్పండి అని రాసుకోవచ్చు. ఆ లాగ్ ఎల్లకాలం ఉంచరు, పాతవి తుడిచేస్తాంటారు, అందుకని ఇయ్యాలే తీసుకో. సీప్యానెల్ లేకపోతే హోస్టింగోళ్ళకి టికెట్ వేసి మెయిల్ లాగ్ అడుగు. మెయిల్ రావట్లేదు అని అడిగితే మళ్ళీ అదే పాట పాడతారు, ఫలానా తేదీ నుంచి ఫలానా అడ్రసుకు పోయిన మెయిళ్ళ లాగ్ కావాల, అవతలి సర్వర్ ఇచ్చిన జవాబుతో సహా కావాల అని అడుగు.

బిల్డర్‌కి వచ్చిన ఆ ఫెయిల్డ్ మెయిల్ కూడా ఫార్వర్డ్ చేయించుకో. అందులో 550తో మొదలయ్యే లైన్ ఒకటి ఉంటాది, జీమెయిల్ ఎందుకు తిప్పికొట్టిందో దాని నోటితోనే చెప్పుంటాది. 5తో మొదలైతే కుదరదు పో అని, 4తో మొదలైతే ఇప్పుడు కాదు మళ్ళీ రా అని. మన సర్వర్ 4 వచ్చినవాటిని దానంతటదే మళ్ళీ మళ్ళీ పంపి చూస్తాది, 5 వస్తే చేతులెత్తేస్తాది.

ఇంక నా అంచనా తప్పు, ఫ్రమ్ గడి బాగానే ఉంది అనుకుందాం. అప్పుడు ఇంకో అనుమానం ఉంది. నీ టెస్ట్ మెయిల్ యాడికి పంపినావ్? మీ డొమైన్ మీద ఉన్న ఇన్ఫో అడ్రసుకే పంపుంటే అది బయటికి కాలు కూడా పెట్టలేదు, అదే సర్వర్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి పోయింది. దానికి తిరకాసు కూడా ఉంది, సొంత డొమైన్ మెయిల్‌బాక్సులు గూగుల్ వర్క్‌స్పేస్‌లో (గూగుల్ వ్యాపారాలకిచ్చే మెయిల్ సర్వీసు) పెట్టుకుని, సైటు మాత్రం మామూలు హోస్టింగ్‌లో ఉండేవాళ్ళకి, సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్ లోకల్ అని ఉంటే సర్వర్ ఇన్ఫో అడ్రసు నాకాడే ఉంది కదా అనుకుని తన దగ్గరే పెట్టేసుకుంటాది, గూగుల్‌కి పంపనే పంపదు. సక్సెస్ అంటాది, మెయిల్ కనపడదు, ఎర్రర్ ఉండదు. దాన్ని రిమోట్ అని మార్చాల. అప్‌డేట్‌లో ప్లగిన్ ఎస్‌ఎమ్‌టీపీ వదిలేసి మామూలు పీహెచ్‌పీ మెయిల్‌కి (పీహెచ్‌పీ అంటే వర్డ్‌ప్రెస్ నడిచే భాష, ఇట్ల పంపితే సైటున్న సర్వరే నేరుగా పంపుతాది) పడిపోతే, అంతవరకు గూగుల్ సర్వర్ గుండా పోతున్నవి ఒక్కసారిగా ఈ గుంతలో పడతాయి, కాబట్టి ప్లగిన్‌లో మెయిలర్ అన్నచోట ఏం ఎంచుకుని ఉందో కూడా చూడు.

లాగ్‌లో ఎర్రర్ కనపడిన కేసులు నిజానికి సుళువు, నీలాగా సక్సెస్ అని వచ్చినవే కష్టం. 535 అంటే పాస్‌వర్డ్ ఒప్పుకోలేదు. కొన్ని ప్లగిన్లు పాస్‌వర్డ్‌ని తాళం వేసి దాచుకుంటాయి, సైటు వేరే సర్వర్‌కి మారినా, తాళంచెవి మారినా లోపలున్నది చెత్తగా కనపడి 535 వస్తాది, మళ్ళీ టైప్ చేస్తే పోతాది. జీమెయిల్‌తో పంపేవాళ్ళు మామూలు పాస్‌వర్డ్ పెడుతుంటే ఆ కాలం అయిపోయింది, 2022 మే 30 నుంచి మామూలు అకౌంట్లకి లెస్ సెక్యూర్ యాప్స్ దారి మూసేసినారు, టూ స్టెప్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాల. కనెక్ట్ కాలేదు అని వస్తే పోర్టు సంగతి, 587 అయితే స్టార్ట్-టీఎల్‌ఎస్, అంటే మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మారేది, 465 అయితే మొదట్నుంచే ఎన్‌క్రిప్షన్, ఈ రెండు అటూఇటూ చేస్తే ఊరికే తిరుగుతా ఉండి టైమౌట్ అవుతాది, 25 పోర్టు చానా క్లౌడ్ కంపెనీలు మూసే ఉంచుతాయి. సర్టిఫికెట్ పేరు సరిపోలేదు అని వస్తే, పీహెచ్‌పీ 5.6 నుంచి అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ని తప్పకుండా చూస్తాది, షేర్డ్ హోస్టింగ్‌లో ఉండి, ప్లగిన్‌లో సర్వర్ పేరు అన్నచోట మెయిల్ చుక్క మీ డొమైన్ అని రాసుంటావ్, సర్టిఫికెట్ మాత్రం సర్వర్ అసలు పేరు మీద ఉంటాది. ఆ అసలు పేరు పెట్టు. వెరిఫై చెయ్యద్దు అనే టిక్కు ఉంటాది కదా అని దాన్ని పెట్టి మూసెయ్యద్దు, పని జరుగుతాది గానీ తలుపు తీసి పడుకున్నట్టే.

నేను కూడా అప్‌డేట్ మీద నింద వేసి మోసపోయినోడినే. అనంతపురంలో ఒక కోచింగ్ సెంటర్ సైటుకి గూగుల్ లాగిన్‌తో, అదే ఓఆథ్ పద్ధతిలో మెయిల్ సెట్ చేసినాను. ఒక మంగళవారం ప్లగిన్ అప్‌డేట్ వచ్చింది, ఆ రోజే మెయిల్ ఆగింది. పాత వెర్షన్‌కి పోయి మళ్ళీ గూగుల్‌తో కనెక్ట్ చేస్తే బాగైపోయింది, చూసినారా ప్లగిన్‌దే తప్పు అని ఆ సారుకి గొప్పగా చెప్పినా. మళ్ళీ మంగళవారం ఆగింది. మళ్ళీ కనెక్ట్ చేసినా, మళ్ళీ ఆగింది. మూడోవారం టీ తాగుతా క్యాలెండర్ చూసుకుంటే అప్పుడు వెలిగింది, సరిగ్గా ఏడు రోజులు! గూగుల్ కన్సోల్‌లో మనం చేసుకున్న యాప్ టెస్టింగ్ అనే స్థితిలోనే ఉంటే, అది ఇచ్చే టోకెన్, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే అనుమతి చీటీ, ఏడు రోజులకి చచ్చిపోతాది, ప్రొడక్షన్‌కి మార్చాల. నేను మార్చలేదు. అప్‌డేట్ పాపం ఆ రోజు దారిలో పోతా ఉండింది అంతే. ఆ సారు ఇప్పటికీ మంగళవారం అని ఎగతాళి చేస్తాంటాడు.

ఇంకోటి కర్నూలుది. మంత్రాలయం పోయే భక్తులకి రూములిచ్చే లాడ్జి, బుకింగ్ మెయిళ్ళు కొందరికి పోతాయి కొందరికి పోవు. వాళ్ళు కొత్తగా ఒక మెయిల్ సర్వీసుకి మారినారు, ఆ సర్వీసోళ్ళు ఈ ఎస్‌పీఎఫ్ రికార్డు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలుండే చిట్టా) పెట్టండి అన్నారు, వీళ్ళు పాతది అట్లే ఉంచి కొత్తది పక్కన ఇంకో లైనుగా పెట్టినారు. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాల, రెండుంటే రెండూ చెల్లవు. రెండిట్లోని ఇన్‌క్లూడ్‌లు (ఫలానా సర్వీసుకి అనుమతి అని చెప్పే ముక్కలు) కలిపి ఒకే లైను చెయ్యాల, అట్ల కలిపేటప్పుడు కూడా లోపల డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. నీ డొమైన్‌కి కూడా ఒకసారి చూసుకో, రెండో ప్లగిన్ ఎక్కించేటప్పుడు అది చెప్పిందని ఏమన్నా కొత్త రికార్డు పెట్టినావేమో. గూగుల్ 2024 నిబంధనల్లో రోజుకి 5,000 పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలన్నారు, నీది రోజుకి పది కాబట్టి అది నీకు తగలదు, కానీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఒకటన్నా ఉండాలన్నది అందరికీ వర్తిస్తాది. రెండూ పెట్టుకో, ఖర్చేం లేదు.

పాత వెర్షన్‌కి పోతే సరిపోదా అని అడిగినావ్. పరీక్షకి ఒక గంట పోయి రా, తప్పులేదు, డబ్ల్యూపీ రోల్‌బ్యాక్ ప్లగిన్‌తో అవుతాది. కానీ వెనక్కి పోయేది ప్లగిన్ ఫైళ్ళే, డేటాబేస్‌లో మారిపోయిన సెట్టింగులు కాదు, కొత్త పద్ధతిలో రాసుకున్నదాన్ని పాత ప్లగిన్ చదవలేక ఇంకో తలనొప్పి వస్తాది. ఇప్పుడున్న సెట్టింగులు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, డేటాబేస్ బ్యాకప్ తీసుకుని అప్పుడు చెయ్. అక్కడే కాపురం మాత్రం పెట్టద్దు. మెయిల్ ప్లగిన్ అంటే పాస్‌వర్డ్ రీసెట్ లింకులు కూడా దాని గుండానే పోతాయి. 2020 డిసెంబర్‌లో ఒక పేరున్న ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ డీబగ్ లాగ్ బయటోళ్ళు చూడగలిగేట్టు ఉండడంతో, అడ్మిన్ పాస్‌వర్డ్ రీసెట్ కొట్టి ఆ లాగ్‌లోంచి లింకు తీసుకుని సైట్లలోకి దూరినారు. నువ్వు కూడా ఎర్రర్ కోసం డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో డీబగ్ లాగ్ ఆన్ చేసినానన్నావ్ కదా, పని కాగానే ఆఫ్ చేసి ఆ ఫైలు కూడా తీసెయ్, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో పడుంటాది, చానా సర్వర్లలో అడ్రసు తెలిసిన ఎవరైనా తెరవొచ్చు.

వేరే ప్లగిన్‌తో గొడవేమో అనే అనుమానం తీర్చుకోడానికి అన్నీ ఆపేసి చూడమని నీకు ఎవరో చెప్పినట్టున్నారు, నడిచే సైటులో అట్ల చెయ్యద్దు. హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్ అనే ప్లగిన్‌లో ట్రబుల్‌షూటింగ్ మోడ్ ఉంటాది, నీకు మాత్రమే ప్లగిన్లు ఆగినట్టు, కస్టమర్లకి అంతా మామూలుగా ఉన్నట్టు నడుస్తాది.

ఫ్లమింగో అనే ప్లగిన్ కూడా వేసుకో, కాంటాక్ట్ ఫారమ్ 7 చేసినాయనదే. అది ప్రతి ఎంక్వైరీని సైట్లోనే దాచిపెడతాది, ఎందుకంటే కాంటాక్ట్ ఫారమ్ 7 తనంతట తాను ఏదీ దాచుకోదు, మెయిల్ పోతే పోయినట్టే. పది రోజుల బేరాలు గాల్లో కలిసింది మెయిల్ ఆగినందుకు కాదు, ఆ మెయిల్ తప్ప ఇంకో కాపీ ఎక్కడా లేనందుకు. అప్‌డేట్‌ల గురించి కూడా ఒక మాట, ప్లగిన్లకి ఆటో అప్‌డేట్ బటన్ వచ్చింది వర్డ్‌ప్రెస్ 5.5తో, 2020 ఆగస్టులో. అదే వెర్షన్‌లో లోపలి పీహెచ్‌పీమెయిలర్‌ని కూడా 6వ తరానికి మార్చినారు, పాత పద్ధతిలో రాసుకున్న ప్లగిన్లు, థీములు కొన్ని ఆ నెల తడబడినాయి, నాకు వరసగా ఫోన్లే ఫోన్లు. అప్పట్నుంచి నేను మెయిల్ ప్లగిన్‌కి మాత్రం ఆటో ఆపేసి, వారానికోసారి సోమవారం పొద్దున నేనే నొక్కి, వెంటనే ఫారమ్ నింపి చూస్తా. ఐదు నిమిషాల పని.

సరే, ముందు ఫ్రమ్ గడి చూసి అందులో ఏముందో చెప్పు. దాంతోపాటు బిల్డర్‌కి వచ్చిన మెయిల్లో ఆ 550 లైను, స్పామ్‌లో దొరికినవాటిలో ఒకదాని షో ఒరిజినల్ పైన ఉండే మూడు లైన్లు కూడా పంపు. స్క్రీన్‌షాట్ పెడితే పాస్‌వర్డ్, కస్టమర్ల నంబర్లు నల్లగా కొట్టేసి పెట్టు. ట్రాక్ డెలివరీ లిస్టు మాత్రం నాకు పంపనక్కర్లేదు, అది తీసుకుని ఇప్పుడే ఆ కస్టమర్లకి రాయడం మొదలుపెట్టు.